‘అన్ని రోడ్ బైకులకూ సరిపోతుంది’ అన్న మాట మీద గేర్ క్యాసెట్ కొనకండి

రోడ్ బైకుకు వెనుక గేర్ క్యాసెట్ (వెనుక చక్రం మీది పళ్ళచక్రాల దొంతర) మార్చాలనుకునేవారు, ముఖ్యంగా ఎత్తులు సులువుగా ఎక్కడానికి ఇంకా పెద్ద పళ్ళచక్రం కోసం వెతుకుతున్నవారు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. ‘11 స్పీడ్ రోడ్ బైకులన్నింటికీ సరిపోతుంది’ అని రాసి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు అమ్మిన 11-34 క్యాసెట్ (అతి చిన్న చక్రానికి 11, అతి పెద్దదానికి 34 పళ్ళు) నా బైకుకు సరిపోలేదు. స్పీడ్ అంటే వెనుక పళ్ళచక్రాల సంఖ్య. కొనే ముందే నా వెనుక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ళచక్రం మీది నుంచి మరో దాని మీదికి జరిపే భాగం) మోడల్ వివరంగా రాసి పంపి, దానితో పనిచేస్తుందా అని అడిగాను. స్పీడ్ ఒకటైతే చాలు, నిశ్చింతగా తీసుకోండి అని జవాబిచ్చారు. తీరా వెనక్కి తీసుకోమని కోరితే, ఒకసారి బిగించిన సరుకును తీసుకోబోమని తేల్చి చెప్పారు.

స్పీడ్ ఒకటైతే చాలదు. నా బైకులో ఉన్నది షిమానో అల్టెగ్రా ఆర్8000 డిరైలర్, అందులోనూ ఎస్ఎస్ అనే పొట్టి కేజ్ (చైన్‌ను బిగువుగా ఉంచే రెండు పుల్లీల చట్రం) రకం. క్యాసెట్‌లోని అతి పెద్ద చక్రానికి 30 పళ్ళకు మించకూడదని తయారీదారు దానికి హద్దు పెట్టారు. జీఎస్ అనే పొడవు కేజ్ రకం మాత్రమే 34 వరకు తీసుకుంటుంది. రెండింటి పేరూ ఒకటే కాబట్టి, ‘అల్టెగ్రా 11 స్పీడ్’ అని చెప్పినంత మాత్రాన మీకు కావలసిన సమాధానం రాదు. కొత్త క్యాసెట్ బిగించి చైన్‌ను 34 పళ్ళ చక్రం మీదికి ఎక్కించగానే పై పుల్లీ వెళ్ళి ఆ పళ్ళకు ఒత్తుకుంది. పుల్లీకీ చక్రానికీ మధ్య దూరాన్ని సర్దే బీ-టెన్షన్ స్క్రూను చివరికంటా తిప్పినా వాటి మధ్య సందు రాలేదు, పెడల్ తిప్పినంతసేపూ గరగరమని ఒరుసుకుంటూనే ఉంది. హద్దు కంటే రెండు పళ్ళు ఎక్కువైనా నడుస్తుందని కొందరు అంటారు. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ పొడవును బట్టి కొన్ని బైకులలో అది నిజమే కావచ్చు గాని, అమ్మేవారు ఆ భరోసా ఇవ్వడం మాత్రం సరికాదు.

దీనికి తోడు కెపాసిటీ అనే రెండో లెక్క ఒకటుంది. ముందు పెడళ్ళ దగ్గరున్న రెండు చైన్‌రింగుల పళ్ళ తేడాకు, వెనుక క్యాసెట్‌లో అతి పెద్ద, అతి చిన్న చక్రాల పళ్ళ తేడాను కలపాలి. ముందు 50-34, వెనుక 11-28 ఉంటే 16, 17 కలిసి 33 అవుతుంది. వెనుక 11-34 పెడితే 16, 23 కలిసి 39 అవుతుంది. పొట్టి కేజ్ సర్దుకోగల చైన్ వదులు 35 పళ్ళ వరకే. పాత క్యాసెట్‌కు కొలిచి కోసిన చైన్‌నే ఉంచేస్తే ప్రమాదం ఇంకా పెద్దది, ఎందుకంటే ముందు పెద్ద రింగు, వెనుక పెద్ద చక్రం మీదికి చైన్ ఒకేసారి వెళ్ళినప్పుడు అది చాలక కేజ్‌ను ముందుకు లాగేస్తుంది, హ్యాంగర్ విరిగి డిరైలర్ స్పోకుల్లోకి పోవచ్చు. అందుకే ఏ క్యాసెట్ మార్చినా రోడ్డెక్కే ముందు బైకును స్టాండ్ మీద పెట్టి, ఆ జోడీలోకి చేత్తో మెల్లగా తిప్పి చూడండి.

నాకు వచ్చిన పెట్టెలో మరో లోపం కూడా ఉంది. షిమానో హెచ్‌జీ800 అనే ఈ 11-34 క్యాసెట్‌ను పాత 8, 9, 10 స్పీడ్ ఫ్రీహబ్ (వెనుక హబ్‌లో క్యాసెట్‌ను ఎక్కించే భాగం) పొడవుకు తగినట్టు చేశారు. 11 స్పీడ్ రోడ్ హబ్ మీద పెట్టాలంటే ముందుగా 1.85 మిల్లీమీటర్ల మందం గల స్పేసర్ అనే వలయం వేయాలి. ఆ స్పేసర్ పెట్టెలో లేదు. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్‌ను పూర్తిగా బిగించినా చక్రాల దొంతర వేళ్ళతో పట్టుకుంటే అటూ ఇటూ కదిలింది. ఇతర 11 స్పీడ్ రోడ్ క్యాసెట్లు చాలావరకు పాత 10 స్పీడ్ ఫ్రీహబ్ మీద అసలు పట్టవు. శ్రామ్‌వారి ఎక్స్‌డీఆర్, కాంపన్యోలో ఫ్రీహబ్‌ల గాడులు పూర్తిగా వేరు కాబట్టి, మీ చక్రానికి ఏ ఫ్రీహబ్ ఉందో తెలియకుండా ఆర్డర్ పెట్టకండి.

హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్ల విషయంలోనూ స్పీడ్ సంఖ్య ఇలాగే తప్పుదోవ పట్టిస్తుంది. షిమానో టియాగ్రా 4700 అనేది 10 స్పీడే అయినా అంతకు ముందు తరం 10 స్పీడ్ డిరైలర్లతో కుదరదు, ఎందుకంటే ఒక్కో గేరుకు అది లాగే కేబుల్ పొడవు వేరు. ముందు చైన్‌రింగులు కొనేవారు పళ్ళతో పాటు బోల్టుల వలయం వ్యాసం 110 మిల్లీమీటర్లా, 130 మిల్లీమీటర్లా అన్నదీ, చైన్‌రింగును పట్టుకునే క్రాంక్ చేతులు నాలుగా, ఐదా అన్నదీ చూసుకోవాలి.

అమ్మకందారును ‘నా బైకుకు సరిపోతుందా’ అని అడగడం వృథా. డిరైలర్ లోపలి వైపు మురికి తుడిచి అక్కడ అచ్చు వేసిన మోడల్ నంబరు, కేజ్ రకం, ఫ్రీహబ్ రకం, ముందు రింగుల పళ్ళు రాసి పంపండి. వాళ్ళు పంపబోయే భాగం పూర్తి నంబరు రాతపూర్వకంగా తెప్పించుకుని, దాన్ని తయారీదారు ప్రచురించిన కంపాటిబిలిటీ పట్టికలో మీరే సరిచూడండి. నంబరు చెప్పడానికి తటపటాయించేవారి దగ్గర కొనకండి. సరుకు అందాక పెట్టె మీది నంబరు, క్యాసెట్ మీద చెక్కిన నంబరు ఒకటేనా, స్పేసర్ ఉందా అని బిగించకముందే చూడండి. ఫ్రీహబ్ మీద ఒక్కసారి బిగిస్తే గాడుల్లో గీతలు పడతాయి, నా సరుకును తిరస్కరించడానికి వాళ్ళు చూపించిన కారణం ఆ గీతలే.