టవర్‌ను ఆపాలంటే కోర్టు మేలా, ఎత్తు మీద రూల్ మేలా?

చెన్నైలో, మైలాపూర్‌లోనో రాయపేటలోనో, టవర్ కట్టడానికి పాత బంగళా చుట్టూ రేకులు లేచాయంటే చాలు, మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న: "కోర్టుకెళ్దామా, సంతకాలు సేకరిద్దామా?"

సంతకాల సంగతి ముందే తేల్చేస్తాను. నలుగురూ కూడతారు, పేపర్లో ఫొటో పడుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జనం పట్టుబట్టాక సుమారు 400 మీటర్ల టవర్ పాత నగరం ఎదుట నుంచి ఊరి అంచున ఉన్న లఖ్తాకు తరలిపోయిన మాట నిజమే. అయితే వాళ్ల పాత నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా తోడుంది. మైలాపూర్‌కు ఆ హోదా లేదు. ఆర్టీఐ అంటారా, పది రూపాయలే కదా, వేసి ఉంచండి.

ఇక కోర్టు. మౌంట్ రోడ్డులోని 1897 నాటి భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చడం మొదలుపెడితే, పాత కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ హైకోర్టుకెళ్లి ఆపించింది. 2010లో తీర్పూ అనుకూలంగానే వచ్చింది. అందుకే అందరికీ కోర్టంటే అంత నమ్మకం.

కానీ అది కట్టడాన్ని కాపాడే కేసు. మన గొడవ వేరు. మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి కోనేటి పడమటి గట్టున నిలబడి చూడండి: ఎదురుగా చిన్న గోపురం, దాని వెనక సుమారు 120 అడుగుల తూర్పు గోపురం, ఆ పైన ఖాళీ ఆకాశం. ఆ వెనక శాంథోమ్ వైపు నలభై అంతస్తులు లేస్తే గోపురం మీద ఒక్క బొమ్మ కూడా చెక్కుచెదరదు. కలశాల వెనక మాత్రం ఎవరి బాల్కనీలో ఆరేసిన బట్టలో కనిపిస్తాయి. "ఏ రూల్ తప్పారు?" అని జడ్జి అడిగితే మన లాయరు ఏం చెప్పాలి? సెయింట్ జార్జ్ కోట లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. అంతా దూరం లెక్కే, చూపు లెక్క లేదు. పైగా ఈ గుడి దేవాదాయ శాఖది, ఆ జాబితాలోనే లేదు.

అందుకే నా ఓటు రూల్‌కే. మదురైలో మీనాక్షి గుడికి కిలోమీటరు లోపల 9 మీటర్లు దాటకూడదని 1997లోనే ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని తప్పి కట్టినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ వాళ్ల మీద కోర్టుకెళ్లడానికి చేతిలో కాగితం ఉంది.

అలాగని మైలాపూర్ అంతటికీ 9 మీటర్లంటే నేనొప్పుకోను. మాడవీధిలో అర గ్రౌండు స్థలం ఉన్న ముసలాయన ఏం పాపం చేశాడు? లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కోసం చేసినట్టు, ఫలానా చోటి నుంచి చూసే చూపుకు అడ్డొచ్చే మేరకే ఎత్తు తగ్గిస్తే చాలు. దీన్ని అడగాల్సింది చెన్నై నగర ప్లానింగ్ చూసే సీఎండీఏని, మూడో మాస్టర్ ప్లాన్‌లో. అర్జీలో "మన సంస్కృతి, మన వైభవం" అని పేజీలు నింపొద్దు. ఏ గట్టు మీద నిలబడితే, ఏ దిక్కున, ఎంత ఎత్తు దాటితే గోపురం వెనక అడ్డు కనిపిస్తుందో మ్యాపు మీద గీత గీసి, కింద ఫొటో అంటించి ఇవ్వండి.