పాత కెమెరా "అవుట్‌డేటెడ్" అంటే నమ్మి ఇచ్చేయకండి, నాకు జరిగింది చదవండి

పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్సు మార్చుకునే కెమెరా) ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్త మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కొత్త రకం) తీసుకుందామని ఎవరైనా అనుకుంటుంటే, షాపు మెట్లెక్కే ముందు ఇది ఒక్కసారి చదవండి. షాపు పేరు పెట్టను, విజయవాడలో జరిగింది అని మాత్రం చెప్తాను.

నాది నికాన్ డీ90. 2008లో వచ్చిన మోడల్, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొన్నాను, దాంతోపాటు 50 ఎంఎం 1.8డీ లెన్సు. మా చెల్లి పెళ్లి, నాన్నమ్మ చూసిన ఆఖరి సంక్రాంతి, అన్నీ దాంట్లో తీసినవే. వెనకాల బొటనవేలు ఆనే చోట రబ్బరు ఊడొస్తుంటే నేనే గమ్ పెట్టి అంటించాను, ఒక మూల కొంచెం ఉబ్బుగా ఉంటుంది. అది తప్ప ఇంకో మచ్చ లేదు.

షాపాయన దాన్ని అందుకుని రెండుసార్లు క్లిక్‌మనిపించి, చెవి దగ్గర పెట్టుకుని, "సౌండ్ విన్నారా సార్, షట్టర్ లైఫ్ అయిపోయింది. అయినా పన్నెండు మెగాపిక్సెల్ ఇప్పుడెవరు వాడుతున్నారండీ, ఫోన్లోనే రెండొందలు వస్తుంటే" అన్నాడు. షట్టర్ అంటే ఫొటో తీసిన ప్రతిసారీ లోపల తెరుచుకుని మూసుకునే తెర. మూడు వేలు కట్టాడు. మరి లెన్సు సంగతేంటి అని అడిగితే, "అడాప్టర్ తీసుకోండి, మీ పాత లెన్సులన్నీ కొత్త బాడీకి ఎక్కుతాయి" అన్నాడు. ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు అని పక్కనున్న కుర్రాడు రెండుసార్లు గుర్తుచేశాడు. ఆ టెన్షన్‌లో సరే అనేశాను, నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ సిరీస్ బాడీ, పాత లెన్సుని దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తీసుకుని ఇంటికొచ్చాను.

ఐదు రోజుల తర్వాత పాత సామాన్లు అమ్మే యాప్‌లో నా కెమెరా కనిపించింది. ఆ ఉబ్బిన రబ్బరు మూల ఫొటోలో స్పష్టంగా ఉంది. రేటు పదకొండున్నర వేలు. కింద ఏం రాశారో తెలుసా, "షట్టర్ కౌంట్ 22 వేలే, కొత్తదానిలా ఉంది" అని. షట్టర్ కౌంట్ అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో ఆ లెక్క. ఆ మోడల్ షట్టర్‌ని కంపెనీ పరీక్షించిందే లక్ష క్లిక్కులకి. లైఫ్ అయిపోయిందని నాకు చెప్పిన నోటితోనే అవతలివాళ్లకి కొత్తదానిలా ఉందని చెప్తున్నారు. డబ్బు పోయినదానికంటే ఇదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

రెండో దెబ్బ మా మేనకోడలి అన్నప్రాసన రోజు. పుస్తకం, పెన్ను, బంగారం అన్నీ ముందు పెట్టారు, పాప పాక్కుంటూ బయల్దేరింది, నేను ఆ 50 లెన్సు పెట్టుకుని బటన్ నొక్కుతుంటే ఫోకస్ కదలదు. చేత్తో రింగు తిప్పుకునేలోపు పాప పుస్తకం పట్టేసుకుంది. ఉన్న ఒక్క ఫొటోలో వెనకున్న పీట మీద చెక్కడం షార్ప్‌గా ఉంది, పాప మొహం మసక.

తర్వాత తెలిసింది ఏంటంటే, నా 50 లాంటి పాత ఏఎఫ్-డీ రకం లెన్సుల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. మోటారు డీ90 బాడీలో ఉంటుంది, అది లెన్సుని తిప్పుతుంది. లెన్సు వెనక లోహపు అంచు మీద స్క్రూ తలలాంటి చిన్న గాడి కనిపిస్తుంది చూడండి, అక్కడే. ఎఫ్‌టీజెడ్‌లో ఆ మోటారు లేదు కాబట్టి లెన్సు ఎక్కుతుంది, ఫొటో వస్తుంది, ఆటోఫోకస్ మాత్రం రాదు. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అని రాసి ఉన్న నికాన్ లెన్సుల్లో మోటారు లోపలే ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. నికాన్ ఈ విషయం దాచలేదు, దాని సైట్‌లోనే ఉంది. నాకు చెప్పాల్సింది అమ్మినవాడు. వెళ్లి అడిగితే "ఎక్కుతుందన్నాను, ఫోకస్ అవుతుందన్నానా" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టాను, చూడాలి.

ఇక మెగాపిక్సెల్ మాట. డీ90 ఫొటో 4288 × 2848 పిక్సెళ్లు. ఇంట్లో 4కే టీవీ ఉన్నా దానికి కావాల్సింది 83 లక్షల పిక్సెళ్లే, ఇందులో కోటీ 22 లక్షలున్నాయి. 12 × 8 ప్రింటు వేస్తే అంగుళానికి 350కి పైగా పిక్సెళ్లు పడతాయి, ల్యాబ్‌వాళ్లు అడిగేది 300. రెండొందల మెగాపిక్సెళ్ల ఫోన్ సెన్సర్ (వెలుతురుని పట్టే చిప్) కంటే డీ90 సెన్సర్ వైశాల్యంలో దాదాపు అయిదు రెట్లు పెద్దది, అది మాత్రం ఏ కౌంటర్ దగ్గరా చెప్పరు. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ మాస్ట్‌కామ్‌లు (దాని స్తంభం మీదున్న కెమెరాలు) రెండేసి మెగాపిక్సెళ్లవే, ఏళ్ల తరబడి వాటి ఫొటోలనే కదా మనం చూస్తున్నాం.

పాతబడేవి లేవని కాదు. డీ90లో వీడియో 720పీయే, క్లిప్పు అయిదు నిమిషాలకి ఆగిపోతుంది, రికార్డింగ్‌లో ఆటోఫోకస్ ఉండదు. మండపంలో లైటు తక్కువై ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 దాటిస్తే గ్రెయిన్ బాగా వస్తుంది. రిసెప్షన్ వీడియోలు తీసి సంపాదించేవాళ్లు మారాల్సిందే. అసలు ఇబ్బంది పెట్టేవి బ్యాటరీలు, కార్డులు. కాలేజీ పిల్లలు ఈమధ్య పాత డిజిక్యామ్‌లు ఎగబడి కొంటున్నారు కదా, ఎక్స్‌డీ అనే పాత రకం మెమరీ కార్డు పట్టే మోడలైతే కార్డు చేతిలో ఉంటేనే తీసుకోండి, వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 2006కి ముందు మోడళ్లలో చాలావాటికి 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డు పనిచేయదు.

ఇచ్చేద్దామనుకుంటే ముందు ఇంట్లోనే షట్టర్ కౌంట్ చూసుకోండి. నికాన్ అయితే కెమెరా నుంచి నేరుగా కాపీ చేసిన ఫొటోలోనే ఆ నంబర్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో ఫ్రీగా చదివిపెడతారు. వాట్సాప్‌లో పంపిన ఫొటో పనికిరాదు, ఆ వివరాలు పోతాయి. కొన్ని కానన్ మోడళ్లకి కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. అలాగే మీ లెన్సు చేత్తో పట్టుకెళ్లి, డబ్బు కట్టకముందే అక్కడే ఆటోఫోకస్ చేయించి చూడండి. బిల్లులో పాత కెమెరా మోడల్, సీరియల్ నంబర్, ఎంతకి తీసుకున్నారో విడిగా రాయించుకోండి. నా బిల్లులో "ఎక్స్‌ఛేంజ్" అనే ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు, అందుకే ఇప్పుడు వాదించడానికి చేతిలో కాగితం లేదు.

నిన్న చూస్తే ఆ యాప్‌లో "అమ్ముడుపోయింది" అని ఉంది. కొన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఆ 22 వేలు నిజమే, వానలో ఒక్కసారి కూడా తడవలేదు. రబ్బరు ఆ మూల ఎండాకాలంలో మళ్లీ లేస్తుంది, కాస్త గమ్ పెట్టి రాత్రంతా రబ్బరు బ్యాండు చుట్టి ఉంచండి.