పడవ ట్రైలర్‌కు చక్రాలు, టైర్లు: మూడో జత దగ్గర కుదిరిన లెక్క

మా 16 అడుగుల ఫైబరు పడవ ఏడాది మొత్తం మీద నీటిలో గడిపే రోజులు 40కి మించవు. తక్కిన రోజులన్నీ విశాఖపట్నం ఎండాడలో మా ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలో ట్రైలర్‌ మీదే ఉంటుంది. బొలెరో వెనుక తగిలించుకుని బీచ్‌ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇసుకలో వెనక్కి నడిపి పడవను దింపడం, సాయంత్రానికి మళ్లీ ఎక్కించుకుని రావడం మా అలవాటు. ఈ కొద్దిపాటి ప్రయాణానికి చక్రాల గురించి ఇంత ఆలోచించాలా అని మొదట్లో నేనూ అనుకున్నాను. ఆరేళ్లలో రెండు జతలు పాడై, మూడో జత మీద రెండు వానాకాలాలు గడిచాయి కనుక, ఇప్పుడున్న జత ఎలా పని చేస్తున్నదో, దాన్ని ఎందుకు ఎంచుకున్నానో వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు ట్రైలర్‌కు ఉన్నవి వేడి జింకులో ముంచి పూత వేయించిన 12 అంగుళాల ఇనుప రిమ్ములు, వాటి మీద చిన్న సరకు బండ్లకు వేసే 145 ఆర్‌ 12 ఎల్‌టీ, 8 ప్లై రేటింగ్‌ రేడియల్‌ టైర్లు. ఇందులో 145 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, ఆర్‌ అంటే రేడియల్‌, 12 అంటే అంగుళాల్లో రిమ్ము కొలత, ఎల్‌టీ అంటే చిన్న సరకు బండి టైరు, ప్లై రేటింగ్‌ అంటే టైరు బలాన్ని చెప్పే అంకె. స్టెప్నీతో కలిపి మూడు తీసుకున్నాను.

ట్రైలర్‌ తయారుచేసి ఇచ్చిన వర్క్‌షాపు వారు మొదట ఆటో చక్రాలు, అంటే 4.00-8 కొలత టైర్లు వేసి ఇచ్చారు. అవి చవక, ఎక్కడైనా దొరుకుతాయి, ట్రైలర్‌ ఎత్తు తక్కువగా ఉండటం వల్ల పడవ నీటిలోకి తేలికగా దిగుతుంది కూడా. కానీ ఆ టైరు అడ్డుకొలత సుమారు 42 సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి కిలోమీటరుకు దాదాపు 760 సార్లు తిరుగుతుంది. అదే దూరానికి ఇప్పటి 54 సెంటీమీటర్ల టైరు 590 సార్లు తిరిగితే చాలు. చక్రం చిన్నదైన కొద్దీ బేరింగు ఎక్కువగా తిరిగి, ఎక్కువగా వేడెక్కుతుంది. అలా వేడెక్కిన హబ్బును, అంటే బేరింగు ఉండే చక్రం నడిమి భాగాన్ని, తీసుకెళ్లి చల్లని సముద్రపు నీటిలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, ఆయిల్‌ సీలు అంచు గుండా ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటుంది. రెండో వేసవిలో మంగమారిపేట దాటాక కుడి చక్రం కీచుమంటూ బిగుసుకుపోయింది. చెట్టు నీడకు లాగి, అక్కడికి పిలిపించిన మెకానిక్‌ హబ్బు మూత విప్పితే లోపల గ్రీజు పాలు విరిగినట్టు తెల్లగా ఉండి, బేరింగు రోలర్ల మీద ఎర్రటి తుప్పు మచ్చలు కనిపించాయి. ఆ పెద్దాయన, "వేడి మీద నీళ్లలో దింపేస్తున్నారేటి బాబూ? ఓ అరగంట ఆగి దింపితే ఏటవుతుంది?" అని అడిగారు. ఆయన చెప్పిన ఆ అరగంట నియమాన్ని ఆ రోజు నుంచి తప్పలేదు.

రెండో జత విషయంలో పొరపాటు నాదే అనిపించినా, అమ్మినవారి మాట కూడా అందులో కలిసి ఉంది. నగరంలోని ఒక దుకాణంలో 12 అంగుళాల అల్లాయ్‌ చక్రాలు చూపించి, అల్యూమినియం తుప్పు పట్టదు కాబట్టి సముద్రానికి ఇదే మంచిదని చెప్పారు. దాని మీద చిన్న కారుకు వేసే 145/80 ఆర్‌ 12 టైర్లు ఎక్కించి ఇచ్చారు. అల్యూమినియానికి ఇనుము మాదిరిగా ఎర్ర తుప్పు రాదన్నది నిజమే. అయితే ఇనుప నట్టు దాన్ని తాకిన చోట, మధ్యలో ఉప్పునీరు చేరితే, అల్యూమినియమే కరిగిపోతుంది. ఎనిమిది నెలలు తిరగకముందే నట్ల చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది, పైనున్న లక్క పూత బొబ్బలెక్కింది. రెండు నట్లు ఎంత బలం పెట్టినా కదలకపోతే, చివరికి కోసి తీయాల్సి వచ్చింది. ఇంటి కిటికీ ఊచలకే రెండేళ్లకొకసారి రంగు వేయించుకునే ఊరిలో నేను ఆ మెరుపును నమ్మి ఉండకూడదు. మంచినీటి చెరువుల్లో పడవ నడిపేవారికి, ప్రతిసారీ శ్రద్ధగా కడిగేవారికి అల్లాయ్‌ పనికొస్తుందేమో కానీ, భీమిలి ఇసుకలో హబ్బు దాకా మునిగే నా ట్రైలర్‌కు అది తగదు.

ఆ టైర్ల సంగతి అంతకంటే ముఖ్యమైనది. కారు టైరుదీ, సరకు బండి టైరుదీ కొలత ఒకటే కదా, రెండింటి మీదా 145, 12 అనే ఉన్నాయి కదా అని నేను అప్పట్లో అనుకున్నాను. టైరు గోడ మీద ఆ అంకెల పక్కనే చిన్నగా ఉండే భార సూచికను చదవడం అప్పటికి నాకు తెలియదు. కారు టైరు మీద ఉన్న 74 అంటే ఆ టైరు మోయగలిగే గరిష్ఠ బరువు 375 కేజీలు. ఇప్పటి టైరు మీద 86/84 అని ఉంది. ఒంటి చక్రంగా వాడితే 530 కేజీలు, లారీకి వెనుక వేసినట్టు జంటగా వాడితే ఒక్కొక్కటి 500 కేజీలు మోస్తుందని దాని అర్థం. ట్రైలర్‌కు మొదటి అంకె వర్తిస్తుంది. ఇవి కాక గోడ మీద ఐఎస్‌ఐ ముద్రకు పై భాగంలో ఒక సంఖ్య ఉంటుంది. రెండు, మూడు చక్రాల బండ్ల టైర్లకు 15627, కార్ల టైర్లకు 15633, సరకు రవాణా వాహనాల టైర్లకు 15636. దుకాణంలో ఎవరు ఏమి చెప్పినా, ఆ టైరు ఏ బండి కోసం పుట్టిందో ఈ సంఖ్య చెబుతుంది.

అసలు మోయాల్సిన బరువు ఎంతో తెలియకుండా ఈ అంకెలతో పని లేదు. మూడో జత కొనేముందు ట్రైలర్‌ను ఆటోనగర్‌ దగ్గర వేబ్రిడ్జికి తీసుకెళ్లి కాటా వేయించాను. ఇంజను, నిండు పెట్రోలు ట్యాంకు, లంగరు, తాళ్లు, ఐసు పెట్టె, అన్నీ ఎక్కించి తూచితే మొత్తం 690 కేజీలు వచ్చింది. ఇంతకు ముందు నేను నోటిలెక్కగా అనుకున్నది 550. ముందు కొక్కెం మీద 50 కేజీలు పడుతున్నది, అంటే మొత్తంలో సుమారు ఏడు శాతం. పడవ ట్రైలర్‌కు అది ఐదు నుంచి పది శాతం మధ్య ఉండాలి కనుక సరిపోయింది. అది మరీ తక్కువైతే వెనుక బరువు ఎక్కువై ట్రైలర్‌ తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది. మిగిలిన 640 కేజీలు రెండు చక్రాల మీద, ఒక్కోదాని మీద 320. కారు టైరుకు మిగిలిన వెసులుబాటు 55 కేజీలు, గోతిలో పడినప్పుడు ఒక పక్కకే బరువు ఒరిగితే అదీ ఉండదు. ఇప్పటి టైరుకు 210 కేజీల వెసులుబాటు ఉంది. కాటాకు అయిన ఖర్చు ఒక పూట టిఫిన్ల ఖర్చంత కూడా లేదు కాబట్టి, ట్రైలర్‌ ఉన్న ప్రతివారూ ముందు ఆ పని చేయాలని గట్టిగా కోరుతున్నాను.

అమెరికాలో ట్రైలర్ల కోసమే ప్రత్యేకంగా, కొలతకు ముందు ఎస్‌టీ అనే అక్షరాలతో టైర్లు తయారుచేస్తారు. వాటి పక్క గోడలు గట్టిగా ఉండటం వల్ల ట్రైలర్‌ మలుపుల్లో ఊగదు. అవి మన దుకాణాల్లో సాధారణంగా అడిగితే దొరికేవి కావు. సరకు బండ్ల ఎల్‌టీ టైరు గోడ కూడా కారు టైరు కంటే బాగా గట్టిది కాబట్టి, దాన్నే ఎంచుకున్నాను. ఎమ్మారెఫ్‌, అపోలో, సియట్‌, జేకే వంటి మన కంపెనీలన్నీ సరకు బండ్ల టైర్లు చేస్తాయి. నా దృష్టిలో ఏ కంపెనీ అనేదానికంటే ఏ వారంలో తయారైంది అనేది ముఖ్యం. గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. తరచుగా ఇది టైరుకు ఒక పక్కనే ఉంటుంది, బిగించేటప్పుడు ఆ పక్క లోపలికి వెళ్లిపోతే తరువాత పడుకుని చూస్తే తప్ప కనపడదు. అల్లాయ్‌ జతతో పాటు నాకు ఇచ్చిన టైర్లు అప్పటికే నాలుగేళ్ల పాతవని, అవి గోడ పొడవునా వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాక విప్పించినప్పుడు గానీ తెలియలేదు. వాటి మీద గాడులు మాత్రం కొత్త వాటిలాగే లోతుగా ఉన్నాయి. పడవ ట్రైలర్‌ టైరు తిరిగి అరిగిపోదు, ఎండలో నిలబడి ఎండిపోతుంది.

ఈసారి ఆటోనగర్‌లో టైర్లు కొన్నచోట మాత్రం సేవ ఎంతో తృప్తినిచ్చింది. గడిలోని అంకెలు చూసి తీసుకుంటానంటే విసుక్కోకుండా, లోపలి వరుసలోంచి మూడు టైర్లు దింపి చూపించారు. మూడింటి మీదా 1423 ఉంది, అంటే 2023లో 14వ వారం. ఒక్కొక్కటి నాలుగు వేల లోపే పడింది. ఆ దుకాణంలోని అబ్బాయి మామూలు రబ్బరు వాల్వు తీసుకోబోతుంటే, ఇది ఎక్కువ గాలి పట్టే టైరు, పైగా సముద్రంలోకి వెళ్లేది అని చెబితే, వెతికి ఇత్తడి వాల్వులు తెచ్చి వేశారు. మామూలు రబ్బరు వాల్వుకు 65 పౌండ్లే హద్దు, ఈ టైరు గరిష్ఠ పీడనం కూడా అంతే.

రిమ్ముల విషయంలో కాస్త శ్రమ పడాల్సి వచ్చింది. మార్కెట్లో "జింకు పూత" అన్నదల్లా ఒకటి కాదు. కరెంటు పద్ధతిలో వేసే పూత చూడటానికి నున్నగా మెరుస్తుంది కానీ మందం పదీ పదిహేను మైక్రాన్లకు మించదు. దాదాపు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీసిన పూత బూడిదరంగులో గరుకుగా ఉన్నా, మందం 50 నుంచి 85 మైక్రాన్ల దాకా ఉంటుంది. గీత పడి ఇనుము బయటపడినా చుట్టూ ఉన్న జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. రంగు పూతకు ఆ గుణం లేదు, గీత పడిన చోట మొదలైన తుప్పు రంగు కింద పాకుతూ పోతుంది. బోల్టు రంధ్రాల వలయం కొలత కూడా హబ్బుతో కలవాలి. నాలుగు బోల్టులైతే ఎదురెదురు బోల్టుల మధ్య దూరమే ఆ కొలత. ఐదు బోల్టులైతే ఎదురుగా బోల్టు ఉండదు కాబట్టి, పక్కపక్కనున్న రెండు బోల్టుల మధ్య దూరాన్ని 0.588తో భాగించాలి. నా పాత హబ్బులు పనికిరాక కొత్త హబ్బులు, కొత్త ఇరుసు వేయించుకోవాల్సి వచ్చింది, ఖర్చులో పెద్ద భాగం అదే.

ఈ జతలో నాకు ఎదురైన లోపం ఒక్కటే. మొదటి నెలలో ఎడమ టైరులో వారానికి ఏడెనిమిది పౌండ్ల గాలి తగ్గుతూ వచ్చింది. సబ్బు నీళ్లు పోసి చూస్తే రిమ్ము అంచున ఒకేచోట ఆవగింజంత బుడగలు వరుసగా లేస్తున్నాయి. టైరు విప్పితే, టైరు అంచు కూర్చునే చోట పూత సమయంలో జారి గడ్డకట్టిన జింకు బొట్టు ఒకటి గోటికి తగిలింది. సన్నటి ఆకురాయితో దాన్ని నున్నగా చేసి బిగించాక మళ్లీ గాలి దిగలేదు. పూత వేయించినవారు తిరిగి ఇచ్చేటప్పుడే అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకుని ఉంటే ఆ నెల ఇబ్బంది తప్పేది. కొత్త పూత మీద నట్లు మొదటి 50 కిలోమీటర్లలో కాస్త సర్దుకుంటాయి కాబట్టి, ఆ దూరం తిరిగాక ఒకసారి మళ్లీ బిగించాలి.

గాలి ఎంత ఉండాలన్నది చాలామంది అడుగుతారు. ట్రైలర్‌ టైరుకు గోడ మీద రాసిన గరిష్ఠ పీడనం పెట్టమనేది సాధారణ సలహా, తక్కువ గాలితో టైరు వేడెక్కి పాడవుతుంది కనుక అది మంచి సలహానే. అయితే నా టైరు తన శక్తిలో అరవై శాతమే మోస్తున్నది. 65 పౌండ్లతో వెళ్తే స్పీడ్‌ బ్రేకర్ల దగ్గర పడవ ఎగిరెగిరి పడి పట్టీలు వదులయ్యేవి. టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, మా వీధిలో వంద మీటర్లు లాగి చూశాను. 65 దగ్గర గీత మధ్యలో చెరిగిపోయి అంచుల్లో అలాగే ఉండిపోయింది. ఐదేసి పౌండ్లు తగ్గిస్తూ వస్తే 50 దగ్గర ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా చెరిగింది. అప్పటి నుంచి 50 దగ్గరే ఉంచుతున్నాను, అంతకంటే తగ్గించను.

రెండేళ్లలో బీచ్‌ రోడ్డు మీదే కాక తగరపువలస, ఆనందపురం మీదుగా జాతీయ రహదారి మీద కూడా నడిపాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ట్రైలర్‌ నిలకడగా వస్తున్నది, పాత జతతో ఉన్న ఊపు లేదు. ప్రయాణం మధ్యలో ఆగినప్పుడు హబ్బు మీద చేయి పెడితే గోరువెచ్చగా మాత్రమే ఉంటున్నది. రిమ్ముల మీద ఎక్కడా ఎర్ర మచ్చ లేదు. మొదటి ఆటో చక్రాలతో పోలిస్తే ట్రైలర్‌ పొట్ట ఎత్తు ఆరు సెంటీమీటర్లు పెరిగింది కాబట్టి పడవ తేలడానికి ఇంకొంచెం లోతుకు వెళ్లాల్సి వస్తున్నది, అలలు ఎక్కువగా ఉన్న రోజున అది ఇబ్బందే.

ఇంటికి రాగానే చక్రాలను మంచినీటితో లోపలి పక్క కూడా కడిగి, ఇరుసు కింద చెక్క దిమ్మెలు పెట్టి చక్రాలను నేల నుంచి లేపి, వాటికి కాన్వాసు గుడ్డ కప్పుతున్నాను. గోడల మీద ఇప్పటిదాకా ఒక్క పగులూ లేదు, గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి. అయినా 2029 వేసవి రాకముందే, అవి చూడటానికి ఎంత బాగున్నా, స్టెప్నీతో సహా మూడింటినీ మార్చేస్తాను.