పాత హాల్లో పద్యనాటకం: సీటు, వేళ, బస

రాజమండ్రి టౌన్‌హాలును 1890లో కందుకూరి వీరేశలింగం కట్టించింది సభల కోసం. గోదావరి డెల్టాలో నాటకాలు ఆడే పాత హాళ్లు చాలావరకు ఆ బాపతువే. ఉపన్యాసాలకు కట్టారు, తర్వాత నాటకాలు వచ్చి చేరాయి. నేల చదును, స్టేజికి లోతు తక్కువ, స్టేజి పక్క వింగుల్లో ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. అందుకే బయల్దేరే ముందు ఆ రాత్రి ఏం ఆడుతున్నారో కనుక్కోవాలి.

పద్యనాటకమైతే పాత హాలే మేలు. ఎత్తు కప్పు, సున్నపు గోడలు రాగాన్ని ఇంకాసేపు నిలబెడతాయి. సాంఘిక నాటికకు అదే దెబ్బ: మాట మీద మాట పడి డైలాగు అలుక్కుపోతుంది. అలాంటివి రాజమండ్రిలో ఆనం కళాకేంద్రంలోనో, కాకినాడలో సూర్యకళామందిరంలోనో చూడటం నయం. యస్వీ రంగారావు, అంజలీదేవి నాటకాలాడిన యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ కాకినాడదే, కాబట్టి ఆ ఊళ్లో ప్రేక్షకులు కూడా గట్టివాళ్లే. శ్రుతి తప్పితే వెనక వరుసలోంచే తెలిసిపోతుంది.

కరపత్రంలో 6 గంటలని ఉంటే తెర లేచేది ఏడున్నరకు. ఈలోగా జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు. అలాగని ఆలస్యంగా వెళ్తే సీటు దొరకదు. ఆరుంబావుకల్లా వెళ్లి, కుర్చీలో రుమాలు వేసి, బయట టీ తాగి రావడం ఇక్కడి పద్ధతి. ప్రవేశం ఎక్కువగా ఉచితమే. ముందు రెండు వరుసలు అతిథులవి. సన్మానం అవగానే వాళ్లలో సగం మంది లేచి వెళ్లిపోతారు, ఆ కుర్చీల్లోకి జరిగితే ఎవరూ ఏమీ అనరు. కాకపోతే అంత ముందు కూర్చుంటే మెడ నొప్పి, పైగా మేకప్ గీతలు కూడా కనిపిస్తాయి.

మంచి చోటు నాలుగు నుంచి ఆరో వరుస దాకా. ఆపైన నేల చదును కాబట్టి ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. హార్మోనియం స్టేజికి ఏ పక్కన పెట్టారో చూసి రెండో పక్కన కూర్చోవాలి. లేకపోతే పద్యం చివర రాగం తీసేటప్పుడు వాయిద్యమే చెవిలో పడి అక్షరాలు పోతాయి. మైకులు మూడో నాలుగో పైనుంచి వేలాడుతుంటాయి. నటుడు వాటి కిందికి వచ్చి పాడితే సరే, రెండడుగులు పక్కకు జరిగితే గొంతు సగానికి పడిపోతుంది. వాల్యూం పెంచారంటే మైకు కూత పెడుతుంది. స్పీకరు బాక్సు ముందు మాత్రం కూర్చోకండి. స్టాండు ఫ్యాను పక్కన చల్లగానే ఉంటుంది, మాటలు మాత్రం వినపడవు. వానాకాలంలో రేకుల కప్పు హాలు అసలొద్దు, జల్లు పడితే నాటకం ఆపాల్సిందే. దోమల మందు రాసుకుని వెళ్లాలి.

నాటక పరిషత్తులు పెట్టే నాటికల పోటీలైతే జడ్జీల బల్ల వెనక వరుస పట్టుకోండి. వాళ్లకు చూపు, మాట అందే చోటే వేస్తారు కాబట్టి మనకూ అందుతాయి. నాటికకూ నాటికకూ మధ్య సెట్టు మార్చడానికి అరగంట దాకా పట్టొచ్చు. బాత్రూముకు వెళ్లాలంటే అప్పుడే.

కంట్రాక్టు నాటకం కొత్తవాళ్లను తికమక పెడుతుంది. పేరున్న నటుల్ని ఒక్కో సీనుకు ఒక్కొక్కరిగా మాట్లాడుకుని తెప్పిస్తారు. హరిశ్చంద్ర నాటకంలో హరిశ్చంద్రుడిగా అడవి సీనుకు ఒకరు, వారణాసికి ఇంకొకరు, కాటి సీనుకు మరొకరు వస్తే కంగారు పడొద్దు, కథ మారలేదు. కురుక్షేత్రం నాటకంలో పడక సీను కృష్ణుడు, రాయబారం కృష్ణుడు వేరువేరు. ఉన్న వేళ కొంచెమే అయితే కాటి సీనో, రాయబారమో ఎప్పుడు పడుతుందో నిర్వాహకుల్ని అడిగి ఆ సమయానికి వెళ్లడం తప్పేం కాదు. కవి జాషువా గారి పద్యాల కోసం కాటి సీనుకే వచ్చేవాళ్లున్నారు. మంచి పద్యం దగ్గర వన్స్‌మోర్ అంటారు, దాంతో నాటకం సాగుతుంది. మధ్యలో చదివింపులు మరో బెడద: చంద్రమతి ఏడుస్తుండగా ఫలానా వారు ఐదొందలు ఇచ్చారని మైకులో చెబుతారు.

ఏప్రిల్ 16 కందుకూరి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఎండకు తట్టుకోగలిగితే రాజమండ్రికి ఆ రోజుల్లో వెళ్లొచ్చు. పగలు ఆయన పుట్టిన ఇల్లు చూడొచ్చు.

బసకు రాజమండ్రి సుఖం. గోదావరి స్టేషన్ వైపు లాడ్జీలైతే పుష్కర ఘాట్ దగ్గర, కానీ ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు పెద్ద స్టేషన్లోనే ఆగుతాయి. చిన్న లాడ్జీలు రాత్రి గేటు వేసేస్తాయి, నాటకానికి వెళ్తున్నామని వాచ్‌మన్‌కు ముందే చెప్పాలి. 2027 పుష్కరాల రోజుల్లో గది ఆశ వద్దు. టిఫిను నాటకానికి ముందే కానివ్వండి, తెర పడేసరికి హోటళ్లు కట్టేస్తారు. అమలాపురానికి రైలు లేదు, పొద్దుపోయాక బస్సులు పలచబడతాయి, అందుకని కోనసీమలో నాటకమంటే అక్కడే గది తీసుకోవాలి. కాకినాడ బ్రాంచి లైను మీద ఉంది. అర్ధరాత్రి మెయిన్ లైను రైలు అందుకోవాలంటే 15 కిలోమీటర్ల దూరంలోని సామర్లకోట వెళ్లాలి. ఆటో ఉంటుందో లేదో నాటకం మొదలవక ముందే మాట్లాడి పెట్టుకోండి.