మాల్దీవుల ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక: రిసార్టా, ఊరి దీవా ముందే తేల్చుకోండి

మాల్దీవులకు ప్యాకేజీ తీసుకుంటున్నవాళ్లు అడ్వాన్స్ కట్టకముందే ఏజెంటును దీవి పేరు అడగండి. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు మాకు నీళ్ల మీద కట్టిన విల్లాల ఫొటోలు చూపించి, చివరికి మాఫుషి అనే ఊరి దీవిలో గెస్ట్‌హౌస్ గది అంటగట్టాడు. ఓచర్ మీద ‘బీచ్ స్టే’ అని మాత్రమే ఉంది. గది శుభ్రంగానే ఉంది, అక్కడివాళ్లు బాగా చూసుకున్నారు. మోసమంతా ఇక్కడ అమ్మినవాడిదే.

తేడా ఒక్క డబ్బులోనే అయితే ఇంత రాసేదాన్ని కాదు. రిసార్ట్ అంటే దీవి మొత్తం వాళ్లదే. అక్కడ మద్యం దొరుకుతుంది, ఈత దుస్తులతో తిరిగినా ఎవరూ అడగరు. మాఫుషి మాత్రం మసీదు, బడి, కాపురాలు ఉన్న ఊరు. మద్యం దొరకదు. ఈత దుస్తులు ‘బికినీ బీచ్’ అని విడిగా పెట్టిన చోట మాత్రమే వేసుకోవాలి. 2020 ఫిబ్రవరిలో ఇదే మాఫుషిలో బికినీతో వీధిలో నడిచిన ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని పోలీసులు పట్టుకెళ్లారు. పట్టుకున్న తీరుకు పోలీసు అధికారులు తర్వాత క్షమాపణ చెప్పారు, కానీ నియమం మారలేదు. హనీమూన్ జంటలకు ఈ సంగతి చెప్పకుండా గది అమ్మడం అన్యాయం.

సామాను సర్దేటప్పుడు కూడా జాగ్రత్త. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా అయినా సరే కస్టమ్స్‌లో ఆపేస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకోవాలి. పంది మాంసం, వేప్‌లు (ఈ-సిగరెట్లు) నిషేధం. మనవాళ్లకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: పూజకు వాడే విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. మా అత్తయ్య ఎక్కడికెళ్లినా చిన్న వెంకన్న విగ్రహం వెంట పెట్టుకుంటారు. అది కస్టమ్స్ దగ్గర వదిలి రావాల్సి వచ్చింది. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. ఏజెంటు ముందు ఒక్క మాట చెప్పి ఉంటే విగ్రహం ఇంట్లోనే ఉండేది.

‘వీసా ప్రాసెసింగ్’ పేరుతో మనిషికింత అని మా దగ్గర వసూలు చేశారు. భారతీయ పర్యాటకులకు దిగిన చోటే ప్రవేశ అనుమతి ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ‘ఇముగా’ అనే ప్రభుత్వ సైట్లో డిక్లరేషన్ నింపాలి, దానికీ పైసా అక్కర్లేదు. అచ్చం అలాగే కనిపించి డబ్బులు అడిగే సైట్లు ఉన్నాయి, వాటిలో కార్డు నంబర్ కొట్టకండి.

‘అన్నీ కలిపి’ అన్న మాటనూ నమ్మకండి. పర్యాటకుల దగ్గర ప్రభుత్వం తీసుకునే గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి చిన్న గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు, రిసార్టుల్లో 12 డాలర్లు. అది, స్పీడ్‌బోట్ ఛార్జీ ప్యాకేజీలో ఉన్నాయో లేదో రాయించుకోండి. దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్లు (నీళ్ల మీద దిగే చిన్న విమానాలు) పగలే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి విమానాశ్రయం దగ్గరి హుళుమాలే దీవిలో గదికి మళ్లీ మీరే కట్టుకోవాలి.

అన్నింటికన్నా నాకు టెన్షన్ పెట్టింది సముద్రం. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాల కాలం, అలలు పెద్దవి. దీవుల మధ్య కాలువల్లో ప్రవాహం మనిషిని లాక్కుపోతుంది. మా స్నార్కెలింగ్ పడవలో పిల్లల సైజు లైఫ్ జాకెట్లు లేవు. పిల్లల్ని నీళ్లలోకి దింపనివ్వలేదు, మీరూ దింపకండి. అక్కడ పోలీసులకు 119, అంబులెన్స్‌కు 102.

ఏజెంటు పంపిన ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, రసీదులు డిలీట్ చేయొద్దు. డబ్బు వెనక్కివ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేమూ అక్కడే ఫిర్యాదు నమోదు చేశాం.