ఫ్లూనెట్: వారం వారం ఇన్‌ఫ్లుయెంజా లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో నెలకొల్పిన ఇన్‌ఫ్లుయెంజా నిఘా వ్యవస్థలోని ప్రయోగశాలలు పరీక్షించిన నమూనాల ఫలితాలను దేశాలవారీగా, వారాలవారీగా చూపే ఉచిత సేవ ఫ్లూనెట్. ఇది 1997 నుంచి నడుస్తోంది. ఏ వారంలో హెచ్1ఎన్1 రకం ఫ్లూ వైరస్ ఎక్కువగా కనిపించిందో, హెచ్3ఎన్2 రకం ఎప్పుడు పుంజుకుందో గ్రాఫు చూడగానే తెలుస్తుంది. దీని అసలు విలువ మాత్రం పాత సంవత్సరాల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే బోధపడుతుంది. 2020 మార్చి తర్వాత బి/యమగాటా వంశపు ఫ్లూ వైరస్ సహజంగా వ్యాపిస్తున్నట్టు నిర్ధారణ కాలేదనీ, అందువల్ల నాలుగు రకాల ఫ్లూ వైరస్‌ల కోసం చేసే టీకాలో దానికోసం చేర్చిన నాలుగో అంశం అక్కర్లేదనీ నిపుణులు తేల్చగలిగారంటే, అది ఏళ్ల తరబడి ఓపికగా పోగుచేసిన ఇలాంటి లెక్కల చలవే. (లేనిదాన్ని లేదని చెప్పడానికి ఎన్ని నమూనాలు పరీక్షించాలో ఊహించండి.)

అయితే ఇక్కడి అంకెలను రోగుల సంఖ్యగా చదవకూడదు. పరీక్షలు పెరిగితే ఈ అంకెలూ పెరుగుతాయి కనుక, పరీక్షించిన వాటిలో పాజిటివ్‌గా తేలిన శాతాన్ని చూడడమే మేలు. ఇటీవలి వారాల అంకెలు ఆలస్యంగా అందే నివేదికలతో మారుతుంటాయి కూడా. వైరస్ ఉపరితలంపై ఉండే హీమగ్లుటినిన్ అనే ప్రోటీన్‌లో వచ్చిన మార్పుల వల్ల టీకాతో పొంతన తగ్గిందా అన్న విశ్లేషణ కావాలంటే, ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ వెలువడే టీకా సిఫారసు నివేదికలను తిరగేయాల్సిందే.