పవర్‌షెల్ రిమోటింగ్: బరంపురం నుంచి గుణుపురం కంప్యూటరును చూసుకోవడం

బరంపురంలో ఒక పట్టుచీరల టోకు వర్తకుని దుకాణంలోనూ, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలో ఆయనకున్న శాఖలలోనూ కలిపి పదకొండు కంప్యూటర్ల బాగోగులు చూడటం నా పని. ఒక బిల్లు ప్రోగ్రాం బిగుసుకుపోయినందుకు నౌపడా దాకా వెళ్లి, అక్కడి నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం రైలు పట్టుకుని, రెండు నిమిషాల పనికి ఒక రోజంతా పోగొట్టుకున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఆ ప్రయాణాలు తప్పించుకోవడానికే రెండేళ్ల క్రితం, దూరాన ఉన్న కంప్యూటరుకు ఆదేశాలు టైపు చేసి పంపే మైక్రోసాఫ్ట్ సాధనం పవర్‌షెల్ రిమోటింగ్ మొదలుపెట్టాను. దూరాన ఉన్న కంప్యూటరులో ఏయే ప్రాసెస్‌లు (అంటే నడుస్తున్న ప్రోగ్రాములు) ఉన్నాయో చూడటానికి ఇది నమ్మదగిన సాధనం. వాటిని ఆపడానికీ పనికొస్తుంది కానీ వాడేవారికి జాగ్రత్త ఉండాలి. కొత్తగా ఒక ప్రోగ్రామును తెరిచి అక్కడి మనిషి ముందుంచడానికి మాత్రం ఇది సరిపోదు.

ఖర్చు ఏమీ లేదు. విండోస్ 10తోనే పవర్‌షెల్ 5.1 వస్తుంది, 2016లో ఓపెన్ సోర్సుగా మారిన తరువాతి వెర్షన్లు కూడా ఉచితమే. అవతలి కంప్యూటరులో అడ్మినిస్ట్రేటర్‌గా ‘ఎనేబుల్ పీఎస్ రిమోటింగ్’ అనే ఆదేశం ఒక్కసారి ఇవ్వాలి. అక్కడి నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని నమోదై ఉంటే ఈ ఆదేశం నిరాకరిస్తుంది కాబట్టి, ముందుగా దాన్ని ‘ప్రైవేట్’కు మార్చాలి. మావంటి చిన్న సంస్థల్లో, కంప్యూటర్లన్నిటి గుర్తింపునూ ఒకచోట చూసుకునే డొమైన్ సర్వర్ ఉండదు. అందుచేత నా కంప్యూటరులోని ట్రస్టెడ్ హోస్ట్స్ (నమ్మదగిన కంప్యూటర్ల) జాబితాలో శాఖల చిరునామాలను ఒక్కొక్కటిగా చేర్చాను. శ్రమ తప్పుతుందని అక్కడ నక్షత్రం గుర్తు పెట్టి అన్ని కంప్యూటర్లనూ నమ్మేయడం నాకు సమ్మతం కాదు. రాకపోకలన్నీ 5985 పోర్టు, అంటే ఆ నంబరున్న నెట్‌వర్క్ ద్వారం, మీదుగా సాగుతాయి. శాఖల మధ్య వీపీఎన్ (బయటివారికి అందని సొంత దారి) ఉంది కనుక ఆ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవలేదు, తెరవకూడదు కూడా.

దూరపు కంప్యూటర్లలో ఆదేశాలు నడిపే ‘ఇన్వోక్ కమాండ్’కు పదకొండు పేర్లు ఒకేసారి ఇచ్చి, లోపల ప్రాసెస్‌ల పట్టిక చూపే ‘గెట్ ప్రాసెస్’ పెడితే అన్ని శాఖల పట్టికలూ కలిసి వస్తాయి. ఏకకాలంలో 32 కంప్యూటర్ల వరకు పలకరించడం దాని సహజ పరిమితి, మాకది ఎక్కువే. అయితే ఆ పట్టికను చదవడంలో ఒక చిక్కుంది. ప్రతి ప్రాసెస్‌కూ ‘రెస్పాండింగ్’ అనే గుణం ఉంటుంది. ప్రోగ్రాం స్పందిస్తున్నదా లేదా అన్నది అది చెప్పాలి. గుణుపురం గుమాస్తా ఫోనులో “అన్నయ్యా, బిల్లు కదలడం లేదు” అంటూంటే, నా తెరమీద మాత్రం అదే ప్రోగ్రాం చక్కగా స్పందిస్తున్నట్టు కనిపించేది. కారణం తరువాత తెలిసింది. మనం దూరం నుంచి నడిపే కోడ్ ఆ కంప్యూటరులో వేరే సెషన్‌లో (ఒక్కో లాగిన్‌కు ఉండే విడి ఆవరణలో) పనిచేస్తుంది, గుమాస్తా ముందున్న కిటికీ దానికి కనబడదు. కిటికీ దొరకని ప్రాసెస్‌ను ఈ గుణం స్పందిస్తున్నదిగానే లెక్కకడుతుంది. అప్పటి నుంచి దాన్ని చూడటం మానేసి, ఆ ప్రాసెస్ అప్పటివరకు వాడుకున్న సీపీయూ సమయాన్ని పది సెకన్ల తేడాతో రెండుసార్లు అడుగుతున్నాను. తేడా పది సెకన్లకు దగ్గరగా ఉంటే ప్రోగ్రాం ప్రాసెసరులోని ఒక కోరును పూర్తిగా పట్టుకుని గిరగిరా తిరుగుతున్నదని భావిస్తాను. తేడా సున్నా అయితే అది దేనికోసమో కాచుకుని ఉంది. మా శాఖల్లో అది చాలావరకు ప్రింటరే. అటువంటప్పుడు బిల్లు ప్రోగ్రామును ముట్టుకోకుండా, ప్రింటింగ్ వరుసను చూసుకునే స్పూలర్ సర్వీసును తిరిగి ప్రారంభిస్తే, గుమాస్తా టైపు చేసిన వివరాలు చెక్కుచెదరకుండా బిల్లు బయటికి వస్తుంది.

ఈ విచారణ ఎందుకంటే, ‘స్టాప్ ప్రాసెస్’ దయలేని ఆదేశం. సేవ్ చేసుకోమని అడగదు, ఉన్నపళంగా ఆపేస్తుంది. మొదటి నెలల్లో ఒకసారి పట్టికలో ప్రాసెస్ సంఖ్య రాసుకుని, ఫోనులో మాట్లాడి వచ్చి, ఆ సంఖ్యతోనే ఆపమని ఆదేశమిచ్చాను. ఈలోగా పర్లాకిమిడి గుమాస్తా తానే ఆ ప్రోగ్రామును మూసేశాడు. ఖాళీ అయిన సంఖ్యను విండోస్ వేరొక ప్రోగ్రాముకు కేటాయించింది. నేను ఆపినది స్కానింగ్ ప్రోగ్రామును. పొరపాటు పూర్తిగా నాదే. ఇప్పుడు సంఖ్యతో పాటు ప్రోగ్రాం పేరునూ, మొదలైన సమయాన్నీ దాచుకుని, ఆ మూడూ సరిపోలితేనే ఆపే విధంగా స్క్రిప్టు రాశాను. ఆ పోలికా, ఆపడమూ రెండూ అవతలి కంప్యూటరులో నడిచే భాగంలోనే ఉండాలి. మన దగ్గరికి వచ్చే పట్టికలో ఉన్నవి ఆ ప్రాసెస్‌ల వివరాల ప్రతులు మాత్రమే. వాటి మీద ‘కిల్’ అని పిలిస్తే అటువంటి మెథడే లేదన్న జవాబు వస్తుంది.

ప్రోగ్రామును తిరిగి తెరవడం దగ్గర ఇది నన్ను నిరాశపరిచింది. రిమోట్ సెషన్‌లో ప్రారంభించిన ప్రాసెస్ ఆ సెషన్ ముగియగానే పోతుంది. విండోస్ నిర్వహణ కోసం ఉన్న డబ్ల్యూఎంఐలోని విన్32 ప్రాసెస్ క్లాసు ద్వారా ‘క్రియేట్’ చేస్తే బతికే ఉంటుంది, కానీ గుమాస్తాకు కనిపించదు. చివరికి ప్రతి కంప్యూటరులోనూ టాస్క్ షెడ్యూలర్‌లో, గుమాస్తా లాగిన్ అయి ఉన్నప్పుడు మాత్రమే నడిచేలా ఒక టాస్కు పెట్టి, దూరం నుంచి దాన్ని నడిపిస్తున్నాను. పని జరుగుతున్నది.

సీ షార్ప్ భాషలో సొంతంగా ప్రోగ్రాం రాసుకునేవారికి డాట్‌నెట్ ప్రాసెస్ క్లాసు కంప్యూటరు పేరిస్తే దూరపు ప్రాసెస్‌లను చూపిస్తుంది, ఆపమంటే మాత్రం ఎక్సెప్షన్ (దోష సూచన) ఇస్తుంది. చూడటంతో సరిపెట్టుకునేవారికి అది చాలు. డబ్ల్యూఎంఐని పాత డీకామ్ దారిలో వాడితే 135 పోర్టుతో పాటు మారుతూ ఉండే పోర్టులను కూడా ఫైర్‌వాల్‌లో అనుమతించాలి, అది నాకు నచ్చలేదు. రాయగడలో మాత్రం కొత్తగా లినక్స్ సర్వర్ ఒకటి పెట్టారు. పవర్‌షెల్ 6 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (లినక్స్‌లో వాడే సురక్షిత లాగిన్ దారి) మీద కూడా రిమోటింగ్ సాగుతుంది కాబట్టి, పాత స్క్రిప్టును ఆ దారికి మారుస్తున్నాను. లినక్స్‌లో పవర్‌షెల్ సర్వీసు ఆదేశాలు ఉండవు కనుక, అక్కడ స్పూలర్‌కు బదులు ప్రింటింగ్ చూసుకునే కప్స్ సర్వీసును ‘సిస్టమ్‌సీటీఎల్’ ఆదేశంతో తిరిగి ప్రారంభించేలా మార్చుకోవలసి వచ్చింది.